మసి అంటని పావురం

అనగనగా ఏడు సముద్రాల అవతల, మంచు కప్పిన ఉక్రెయిన్ దేశంలో ఒక రాజు ఉండేవాడు. భయపడే పిల్లలు ఇప్పుడే లేచి పొండి, మధ్యలో ఏడిస్తే నేను ఊరుకోను. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడి పేరు దనీలో. వాడు మనసిచ్చింది కొయ్య చెక్కే ముసలాయన కూతురు సొలొమియాకి.

ఆ దేశంలో అన్నీ కొయ్యవే, అన్నిటి మీదా చెక్కుడు పనే. తినే చెంచా మీద పూలు, ఇంటి దూలం మీద ఆరు రేకుల పువ్వు, చేతి సిలువ మీద తీగలు. ఇంటింటా దేవుడి పటం ముందు, సరిగ్గా దీపానికి పైన, ఒక కొయ్య పావురం వేలాడుతుంటుంది. సొలొమియా ఇంట్లో పావురం కడుపు నల్లగా ఉంటే, తుడుచుకోకూడదా అని దనీలో నవ్వాడు.

"అది మసి కాదు. మా అమ్మ పెట్టుకున్న దండాలు," అంది సొలొమియా.

అప్పుడొచ్చాడర్రా మాంత్రికుడు మొరోక్. రాజుగారి కోట ఒక్కటి తప్ప, ఇంటింటి పావురాన్నీ ఎత్తుకుపోయాడు. పావురం పోయిన ఇంట్లో మనుషులంతా కొయ్య బొమ్మలైపోయారు. సొలొమియా కూడా చేతిలో ఉలి పట్టుకుని అలాగే బిగుసుకుపోయింది.

పెద్దన్న కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపన్న సైన్యాన్ని వెంటేసుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. దనీలో భయపడుతూనే బయల్దేరాడు. అడవిలో చెట్టు బంకలో ముక్కు ఇరుక్కున్న వడ్రంగి పిట్ట కనిపిస్తే విడిపించాడు. అది వాడి చెవిలో గుట్టు చెప్పింది. మొరోక్ తన ప్రాణాన్ని తానే చెక్కుకున్న పావురంలో పెట్టి, దొంగిలించిన పావురాల మధ్య దాచాడట. దాన్ని విరిస్తేనే వాడు చస్తాడట. వేరే పావురాన్ని ముట్టుకున్నవాడి ఒళ్ళు కొయ్యబారుతుందట. మూడోసారీ తప్పితే ఇక మనిషే మిగలడట.

మూడుసార్లూ తప్పి కొయ్య బొమ్మలైన అన్నలిద్దరినీ మొరోక్ తన కోట గుమ్మంలోనే నిలబెట్టాడు. కళ్ళు మాత్రం కదులుతున్నాయి, పాపం. లోపల పావురాలన్నీ నడుమెత్తున వేలాడుతున్నాయి. దనీలో అన్నిటికన్నా అందమైనదాన్ని పట్టుకున్నాడు. మోకాళ్ళ దాకా కొయ్యైపోయింది. ఈసారి అన్నిటికన్నా పాతదాన్ని పట్టుకున్నాడు. నడుము దాకా కొయ్యైపోయి, నరికిన మానులా వెల్లకిలా పడ్డాడు.

పడ్డాక పైకి చూశాడు. పావురాల కడుపులన్నీ నల్లగా ఉన్నాయి. ఒక్కటే తెల్లగా ఉంది. దేవుడి దీపం మీద ఎన్నడూ వేలాడని పావురం అదొక్కటే. చెయ్యి చాచి దాన్ని అందుకున్నాడు. వెచ్చగా ఉంది, లోపల గుండె కొట్టుకుంటోంది.

అంతలో వెనక నుంచి సొలొమియా గొంతు వినబడింది.

"విరవకు దనీలో. అది మా అమ్మ పావురం. నా ప్రాణం అందులోనే ఉంది."

వాడి చెయ్యి ఆగిపోయింది. నిజంగా సొలొమియాయే అయితే? తన చేత్తో తనే చంపుకున్నట్టు కాదూ? మళ్ళీ పావురం కడుపు చూశాడు. వాళ్ళమ్మ దండాలు ఏవీ? దాని మీద ఒక్క మసి చుక్క లేదు.

కళ్ళు మూసుకుని పుటుక్కున విరిచేశాడు.

సొలొమియా గొంతుతో పలికిన మొరోక్ పెద్ద కేక పెట్టి, చిత్రిక పట్టిన కొయ్య పొట్టులా రాలిపోయాడు. దనీలో కాళ్ళకు ప్రాణమొచ్చింది, అన్నలిద్దరూ పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు. ఊళ్ళో సొలొమియా చేతిలోని ఉలి మళ్ళీ కదిలింది. వాళ్ళిద్దరికీ ఘనంగా పెళ్ళయింది, చాలాకాలం చల్లగా ఏలారు.

దేవుడి గదిలో పావురాన్ని తుడవడానికి దాసీ తడిగుడ్డ పట్టుకొస్తే మాత్రం, దనీలో రాజుగారే లేచి అడ్డం నిలబడేవారట.