చెదలకు మట్టికప్పు

ఒకప్పుడు చెదపురుగులు చీమల్లాగే ఎండలో హాయిగా తిరిగేవర్రా. వాటి పుట్టకు వంద వాకిళ్ళు, ఒక్కదానికీ తలుపు లేదు. పక్కనే గండుచీమల ఊరు. "వదినా, వంటయిందా?" అంటే "ఆఁ, మీదో?" అనుకుంటూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు.

తొలకరి పడగానే చెదల ఇంట పెళ్ళీడు పిల్లలకు రెక్కలొస్తాయి. అవే ఉసుళ్ళు. ఆ రోజు ఇరుగుపొరుగును పిలిచి, భోజనం పెట్టి, ఇల్లంతా తిప్పి చూపించి మరీ పిల్లల్ని సాగనంపడం వాళ్ళ ఆచారం.

ఆ ఏడు చీమల పెద్ద గండప్ప కూడా వచ్చాడు. కడుపునిండా తిని, గుడ్లగది ముందు నిలబడి మీసాలు దువ్వాడు.

"అబ్బో, ఎంత ముద్దుగా ఉన్నాయక్కా!"

"మా మనవలు తమ్ముడూ. చల్లగా ఉండాలని దీవించు," అంది చెదల పెద్ద ముత్యాలవ్వ. పిచ్చితల్లి! దొంగ చేతికి తాళాలిచ్చింది.

మర్నాడు పొద్దున్నే చీమల దండు దిగింది. దారి చూసిందే కదా, తిన్నగా గుడ్లగదికే పోయారు. అడ్డం వచ్చినవాళ్ళను కొరికి పారేసి, నోటికందినన్ని గుడ్లు ఎత్తుకుపోయారు.

"నిన్న మా ఇంట్లో తిన్నావు కదరా గండప్పా!" అని గుండెలు బాదుకుంది ముత్యాలవ్వ.

"తిన్నాను గనకే రుచి తెలిసింది. మిగిలినవి రేపు," అని నవ్వుతూ పోయాడు.

మిగిలినవి గదిలో ఒక మూలనున్న గుడ్లే. "వలసపోదాం అవ్వా," అన్నారు అందరూ ఏడుస్తూ.

"ఎక్కడికి? పోయినచోట చీమలుండవా?" ముత్యాలవ్వ కళ్ళు తుడుచుకుని నోటినిండా మట్టి తీసుకుంది. "ఏడవండి, కానీ ఏడుస్తూనే వాకిళ్ళన్నిటికీ గోడ కట్టండి. ఉమ్మి కలిపి గట్టిగా కట్టండి."

"మరి తిండికి బయటికెళ్ళొద్దా?" అంది ఒక పడుచు.

"వెళ్దాం. కప్పు కట్టుకుంటూ వెళ్దాం. ముందు గోడ, తర్వాతే అడుగు."

మర్నాడు గండప్ప దండుతో వచ్చి పుట్టచుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఒక్క వాకిలీ లేదు.

"అక్కా, తలుపు తీయవూ? ఇరుగుపొరుగువాళ్ళం!"

"నా మనవల్ని తెచ్చివ్వు, తీస్తా," అంది లోపలినుంచి ముత్యాలవ్వ.

ఏం తెస్తాడు? తినేశాడాయె.

అప్పటినుంచే చెదలు తిండికి బయల్దేరితే నెత్తిన మట్టికప్పు లేకుండా అడుగెయ్యవు. గోడమీద ఆ మట్టిదారి కనిపిస్తే గోటితో కాస్త గీకి చూడండి. చీమ ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది. లోపలినుంచి ఒక చెదపురుగు కూడా వస్తుంది, నోట్లో మట్టితో.