రెండువేల అయిదువందల ఇరవయ్యో ఆకు

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజుగారు. ఆయనకి లెక్కల పిచ్చి. సైన్యంలో సరిగ్గా రెండువేల అయిదువందల ఇరవై మందే ఉండాలి, ఒకడు ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. ఎందుకయ్యా అంటే, భోజనాల్లో బంతికి ఇద్దరిని కూర్చోబెట్టు, ముగ్గురిని కూర్చోబెట్టు, పదిమంది దాకా ఎలాగన్నా కూర్చోబెట్టు, ఒక్క ఆకూ ఖాళీ ఉండదట! బంతిలో ఆకు ఖాళీగా ఉంటే ఎవరూ ముద్ద ఎత్తకూడదని ఆ ఊరి కట్టుబాటు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, నోళ్ళు పడిపోయాయా!

ఆ కోటలో విస్తళ్ళు కుట్టే పిల్ల గురవమ్మ. దాని మొగుడు బీరన్న సిపాయి. పెళ్ళయిన మూడో నెల్లోనే యుద్ధమొచ్చిపడింది. సైన్యం వెళ్ళింది, ఏడాదికి గెలిచి వచ్చింది. అందరి మొగుళ్ళూ వచ్చారు, బీరన్న రాలేదు. సేనాపతినడిగితే, అందరూ వచ్చారు, మీవాడే ఎటో పారిపోయుంటాడు పొమ్మన్నాడు. పాపం, దాని ప్రాణం ఎంత కొట్టుకుందో! వాకిట్లో అలికిడైతే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. రోజూ రెండాకులు వేసేది, ఒకటి తీసేసేది.

గెలిచొచ్చారుగా, రాజుగారు విందు పెట్టారు. బంతికి పదిమందిని కూర్చోబెడితే చివర ఒక ఆకు ఖాళీ. సరే లెమ్మని తొమ్మిదిమందిని కూర్చోబెడితే ఒక ఆకు ఖాళీ. ఎనిమిదికీ ఒకటి ఖాళీ, ఏడుకీ ఒకటి ఖాళీ, ఆరుకీ, అయిదుకీ, నాలుగుకీ, మూడుకీ, చివరికి ఇద్దరిద్దరినీ కూర్చోబెట్టినా ఒకటే ఖాళీ! పులుసు చల్లారిపోయింది, రాజుగారి మొహం మాడిపోయింది.

అప్పుడు సేనాపతి గొంతు సవరించుకుని, పదకొండుమంది చొప్పున కూర్చోబెట్టండి ప్రభూ అన్నాడు. కూర్చోబెట్టారు. ఓరి వీడి తెలివి తగలెయ్య, అన్ని బంతులూ నిండిపోయాయి! రాజుగారు ముద్ద కలుపుకున్నారు.

గురవమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మహారాజా, దండు కదిలిన రోజు మీరు సరదాకి పదకొండేసి మందిని కూర్చోబెట్టారు. ఆవేళ ఒకడు మిగిలాడు. నేనే పక్కన పీట వేసి వడ్డించాను. ఆ మిగిలినవాడు మా ఆయన. ఇవాళ ఎవరూ మిగల్లేదే?"

రాజుగారి చేతిలో ముద్ద ఆకులో పడింది. సేనాపతి వచ్చి రాజుగారి కాళ్ళమీద పడ్డాడు. నేనొచ్చి చెప్పేదాకా కదలకని చెప్పి, బీరన్నని ఏటి రేవులో పడవకి కాపలా పెట్టాడట. తిరిగి వేరే దారిన వచ్చేశాడు, ఆ సంగతే మరిచిపోయాడు. తరవాత గుర్తొచ్చినా, తల పోతుందని నోరు మెదపలేదు.

రాజుగారు ఎంగిలి పడకుండానే లేచి, గురవమ్మని బండెక్కించుకుని బయల్దేరారు. మూడోనాడు రేవు చేరేసరికి బీరన్న అక్కడే ఉన్నాడు, గడ్డం పొట్టదాకా పెరిగిపోయి. పెళ్ళాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గానీ అడుగు కదపడే! సేనాపతిగారు వచ్చి చెప్పలేదుగా అన్నాడు, వెర్రిబాగులవాడు.

గురవమ్మ ఏడుస్తూనే వాడి చెయ్యి పట్టి లాగింది.

"చెప్పినాయన మరిచిపోయాడయ్యా. మరవనిదాన్ని నేనొచ్చాను. పద."

వాళ్ళు చల్లగా ఉన్నారు. ఎంతమంది వచ్చినా, రానివాణ్ణి అడిగేవాళ్ళు ఒకరుండాలర్రా. కథ కంచి దారి పట్టింది, మీరింక కళ్ళు మూయండి.