నా మూటే ముందన్న నెమలి

ఎర్రగుట్టల అడవిలో కుందేళ్ళు, ఎలుగుబంట్లు, దుప్పులు, నెమళ్ళు ఉండేవి. అడవికి ఒక చివర ఏటి ఒడ్డున సంత జరిగేది. కావలసినవి అక్కడ బేరం చేసుకుని, మూట కట్టించి, అందరూ చేతులు ఊపుకుంటూ ఇంటికి పోయేవారు. ఆ మూటలను ఇల్లిల్లూ తిరిగి అందించేది గట్టయ్య అనే గాడిద.

గట్టయ్య వీపుకు రెండు పక్కలా రెండు గోతాలు వేలాడేవి. ఆ గోతాలు వాడి తండ్రివి. తండ్రి తరువాత వాడి వీపు మీదికి వచ్చాయి. వాటిని వేసుకుని నడిచేటప్పుడు గట్టయ్య తల దించేవాడు కాదు.

మూటలు సర్దడంలో వాడికొక పద్ధతి ఉంది. దారిలో చివరి ఇంటి మూట గోతం అడుగున పెట్టేవాడు. మొదటి ఇంటి మూట అన్నిటికన్నా పైన పెట్టేవాడు. రెండు పక్కలా బరువు సరిచూసుకునేవాడు. ఇక ఏ గుమ్మం ముందు ఆగినా చేతికి అందేది ఆ ఇంటి మూటే.

దారి చివర పెద్ద రాతిబండ మీద రంగదొర అనే నెమలి ఉండేవాడు. వాడికి తన పింఛం అంటే మహా మురిపెం. పింఛానికి రాసుకోవడానికి ప్రతి సంతలోనూ సొరబుర్ర నిండా ఆముదం తెప్పించుకునేవాడు.

ఒకరోజు గట్టయ్య బండ కిందికి వచ్చి, "రంగదొరా, మీ మూట!" అని పిలిచాడు.

"పైకి పట్టుకురా!" అన్నాడు నెమలి.

"నేను పైకెక్కితే కింద గోతాలకు కాపలా ఎవరండీ? కోతులు చూస్తున్నాయి. దిగి వచ్చి తీసుకోండి."

"నన్నే దిగమంటావా? అసలు ప్రతిసారీ నా మూట ఆఖరున ఎందుకు తెస్తున్నావు? ముందు నాకిచ్చి, ఆ తరువాత మిగతావాళ్ళకు ఇచ్చుకో. వచ్చినప్పుడు దండం పెట్టడం కూడా నేర్చుకో!"

"మూట మోయడం నా పని దొరా. దండాలు మోయడం కాదు," అన్నాడు గట్టయ్య.

రంగదొరకు ఒళ్ళు మండింది. వెంటనే ఎగురుకుంటూ అడవికి పెద్దదిక్కయిన ఏనుగు పెద్దమ్మ దగ్గరికి పోయాడు. "ఈ గాడిదకు పొగరెక్కింది. ఆలస్యంగా తెస్తాడు, ఎదురు మాట్లాడతాడు. వాడి వీపు మీది గోతాలు దింపించు," అన్నాడు.

పెద్దమ్మ గట్టయ్యను పిలిపించింది. "ఫిర్యాదు నిజమైతే గోతాలు దింపక తప్పదు నాయనా. ఏమంటావు?" అని అడిగింది.

గట్టయ్య ఏడవలేదు, బతిమాలలేదు. "పెద్దమ్మా, నా పని ఎలా చేయాలో దొరగారు చెబుతున్నారు. మంచిదే. వచ్చే సంత నాడు నా వెంట నడిచి, తన మూట ముందుగా చేర్పించమను. అది కుదిరే పని అని తేలితే గోతాలు నేనే దింపేస్తాను. ఒక్కటే మాట. మిగతావాళ్ళ సరుకు చెడితే మాత్రం ఊరుకోను," అన్నాడు.

"ఓస్, ఇంతేనా?" అన్నాడు రంగదొర.

ఆ సంత నాడు గట్టయ్య ఎప్పటిలాగే గోతాలు సర్దుకున్నాడు. రంగదొర వచ్చీ రాగానే, "నాది పైకి తీయి," అన్నాడు.

అడుగున ఉన్న సొరబుర్ర తీయాలంటే పైనున్నవన్నీ కింద పెట్టాలి. గట్టయ్య ఒక్కొక్క మూటా దింపి, మళ్ళీ ఎక్కించాడు. ఆ సరికి ఎండ ముదిరింది. సొరబుర్రను రంగదొర గాడిద నడుం మీద, రెండు గోతాల నడుమ నిలబెట్టించాడు.

"అక్కడ జారుతుంది దొరా."

"నాకు నేర్పకు. నడు!"

మొదట వచ్చింది కుందేలు అవ్వ బొరియ. అవ్వ అప్పటికే గుమ్మంలో కూర్చుని ఉంది. గట్టయ్య ఆగబోయాడు.

"ఆగకు! ముందు నాది," అన్నాడు రంగదొర.

"అయ్యో, నా శొంఠి మూట నా ముందు నుంచే పోతోందేమిరా గట్టయ్యా! దగ్గుతో చస్తున్నాను," అంది అవ్వ.

"తిరిగి వచ్చేటప్పుడు ఇస్తాడులే ముసలమ్మా," అన్నాడు రంగదొర.

పెద్దమ్మ ముందు గట్టయ్య ఇచ్చిన మాట ఉంది. "వస్తానవ్వా," అని ముందుకు నడిచాడు.

తరువాత ఎలుగుబంటి బుస్సన్న గుహ. వాడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. "నా పేలాల మూట ఏది?"

"తప్పుకో. ముందు నాది," అన్నాడు రంగదొర.

"నీదెందుకు ముందు? నీ తోకకు ఆకలేస్తోందా? నా కడుపు కాలిపోతోంది. ముందు నాది!"

"నేను దొరని!"

"నేను ఎలుగుని!"

బుస్సన్న మీదికి వచ్చి గోతంలో చేయి పెట్టి గుంజాడు. రంగదొర రెండో గోతం మీదికెక్కి ఇటు గుంజాడు. గోతాలు ఊగాయి. నడుం మీది సొరబుర్ర జారింది, రాయికి తగిలి భళ్ళున పగిలింది. ఆముదమంతా రంగదొర పింఛం మీద పడింది. వాడు కంగారుగా రెక్కలు కొట్టుకుంటూ దారిలో పొర్లాడు. ఎర్రమట్టి, ఎండుటాకులు, చీమలతో సహా పింఛానికి అంటుకున్నాయి.

బుస్సన్న ఇంకా గోతం వదలలేదు.

గట్టయ్య నాలుగు కాళ్ళూ నేలకు తన్ని నిలబడ్డాడు. "బుస్సన్నా, చేయి తీయి. అడిగితే ఇస్తాను. లాక్కుంటే ఇవ్వను. నా ఒంట్లో ప్రాణం ఉండగా ఈ గోతంలో ఇంకొకరి చేయి పెట్టనివ్వను."

ఆ గొంతు విని బుస్సన్న చేయి వెనక్కి తీసుకున్నాడు. "సరేలేవయ్యా, ఆకలి మీద ఉన్నాను. నా మూట ఇస్తావా?" అన్నాడు. గట్టయ్య పేలాల మూట ఇచ్చి, వెంటనే వెనక్కి తిరిగి అవ్వకు శొంఠి అందించి వచ్చాడు. తక్కిన సరుకులో ఒక్క గింజ కూడా రాలలేదు.

ఆ సాయంత్రం ముగ్గురూ పెద్దమ్మ దగ్గరికి పోయారు. అక్కడ రంగదొర మళ్ళీ అందుకున్నాడు. "నా ఆముదం వాడి వీపు మీదే పగిలింది. తప్పు వాడిదే!"

"ఛీ, ఊరుకో! బుర్ర అక్కడ పెట్టించింది నువ్వు. గుంజింది నువ్వూ నేనూ. మధ్యలో గాడిద ఏం చేశాడు?" అన్నాడు బుస్సన్న. పేలాలు నములుతూనే అన్నాడు.

ఏనుగు పెద్దమ్మ నవ్వు ఆపుకుంది. "గట్టయ్యా, గోతాలు నీవే. ఎవరూ దింపలేరు. నిన్ను అనరాని మాటలు అన్నందుకు నీకేం కావాలో అడుగు."

"నాకు బహుమానాలు వద్దు పెద్దమ్మా. నేను వచ్చేసరికి మూట తీసుకునేవాళ్ళు దారి పక్కన ఉండాలి. ఎండలో వచ్చినప్పుడు కాసిన్ని నీళ్ళు పెట్టాలి. ఏదైనా తప్పుంటే మర్యాదగా చెప్పాలి, నేను దిద్దుకుంటాను," అన్నాడు గట్టయ్య.

పెద్దమ్మ అదే అడవికంతటికీ కట్టడి చేసింది.

తరువాతి సంత నాడు గట్టయ్య బండ దగ్గరికి వెళ్ళేసరికి రంగదొర కిందే నిలబడి ఉన్నాడు. పింఛంలో సగం ఈకలు ఊడిపోయాయి. పక్కనే దొన్నెలో నీళ్ళున్నాయి. వాడి కళ్ళు నేల మీద ఉన్నాయి.

గట్టయ్య సొరబుర్రను వాడి ముందు జాగ్రత్తగా దించాడు. "సరిగ్గా ఉందో లేదో చూసుకోండి దొరా," అన్నాడు. నీళ్ళు తాగాడు. తల పైకెత్తి, దారి నడిమధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నీతి: పని చేయించుకునే హక్కు ఉన్నంత మాత్రాన పనివాణ్ణి చిన్నబుచ్చే హక్కు రాదు, తన పని సక్రమంగా చేసేవాడు ఎవరి ముందూ తల దించనక్కరలేదు.