మూడు రంగుల బయానా

అనగనగా, అడవిలో జంతువులు కూడా బంతిభోజనాలు పెట్టి పెళ్లిళ్లు చేసుకునే కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఇప్పచెట్టు ఉండేది. దాని తొర్రలో చారలమ్మ అనే ఉడుత తన ముగ్గురు పిల్లలతో కాపురం ఉండేది. మోదుగాకులతో విస్తళ్లు కుట్టడంలో ఆమెది అందెవేసిన చేయి.

ఒకనాడు కొమ్మ విరిగి చారలమ్మ కింద పడింది. కాలు బెణికింది. చూస్తే వానలు ముంచుకొస్తున్నాయి. పిల్లల కోసం దాచిన వేరుశనగలు వానాకాలమంతా చాలవు. వెళ్లి తెద్దామంటే కాలు కదలదు.

"ఇంటిపట్టున చేసుకునే పని ఏదైనా ఉంటే చెప్పండర్రా!" అని వచ్చేపోయే పిట్టలందరికీ చెప్పింది.

"చెప్తాలే వదినా! ముందు నువ్వు ఆ ఒంటికాలి గెంతులు మానేసి కుదురుగా కూర్చో," అంది పక్క కొమ్మ మీది గోరింక.

ఆ మాట రంగప్ప చెవిన పడింది. రంగప్ప ఏటి అవతలి నుంచి కొత్తగా దిగిన ఊసరవెల్లి. ఇవతలి ఒడ్డున ఊసరవెల్లి ఎలా ఉంటుందో, ఏం చేస్తుందో ఎవరూ ఎరుగరు. వాడి ధీమా అంతా అదే.

మర్నాడు పొద్దున్నే ఆకు తలపాగా చుట్టుకుని, పచ్చగా నిగనిగలాడుతూ ఒక పెద్దమనిషి వచ్చాడు.

"నమస్కారం తల్లీ! నన్ను పచ్చప్ప అంటారు. మృగరాజు గారి అమ్మాయి పెళ్లని వినే ఉంటావు. విస్తళ్లు కావాలి. నువ్వు గడప దాటక్కర్లేదు, ఆకులు మేమే పంపుతాం. విస్తరికొక బాదంకాయ!"

రాజుగారింటి పెళ్లి నిజమే, అడవంతా అదే కబురు. విస్తరికొక బాదంకాయ! అంత కూలి ఎవరిస్తారన్న అనుమానం చారలమ్మ సంతోషంలో కొట్టుకుపోయింది.

"పేరు ఎక్కించుకోవాలి కదమ్మా, దోసెడు వేరుశనగలు ఇప్పించు," అన్నాడు పచ్చప్ప. దోసెడే కదా అని ఇచ్చేసింది. ఆ పూట పిల్లలతో కలిసి ఒంటికాలి మీద చిందులేసింది కూడాను.

రెండోనాడు ఎర్రని పెద్దమనిషి వచ్చాడు. ముఖంలో నవ్వన్నది లేదు.

"నేను ఎర్రప్పను. ఆకులతో పాటు ఈనెపుల్లలు కూడా పంపుతాం. అవి పోతే ఎవరిది పూచీ? బుట్టెడు వేరుశనగలు హామీ పెట్టు. ఇప్పుడంటే ఇప్పుడే! అవతల కాకమ్మ ఎదురుచూస్తోంది."

చేతికందిన పని కాకమ్మ పాలైతే ఎలా? చారలమ్మ గబగబా బుట్ట నింపి ఇచ్చింది. వాడు వెళ్లాక తొర్రలోకి తొంగి చూసి నిట్టూర్చింది. సగం ఖాళీ! ఆ రాత్రి పిల్లలకు తలా రెండు గింజలే పెట్టి, తాను నీళ్లు తాగి పడుకుంది. దుఃఖం ఆగలేదు. అయినా ఆకులొస్తాయన్న ఆశ చావలేదు.

మూడోనాడు పసుపు రంగు పెద్దమనిషి వచ్చాడు. ఆకులు మాత్రం రాలేదు.

"నా పేరు పసుపప్ప. ఆకుల బండి బయలుదేరింది తల్లీ! ఉన్న వేరుశనగలన్నీ బయానాగా కట్టెయ్యి, సాయంత్రానికి బండి నీ గుమ్మంలో ఉంటుంది."

"ఏం కట్టమన్నారు?"

"బయానా!"

బుట్ట అందుకోబోతున్న చారలమ్మ చేయి టక్కున ఆగిపోయింది. నిరుడు జింకల పెళ్లికి విస్తళ్లు కుట్టింది. పని ఒప్పుకోగానే పెళ్లివారు బయానా తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అంతకుముందు నెమళ్లూ అంతే. బయానా తాను పుచ్చుకునేదే గానీ, ఏనాడైనా ఇచ్చిందా?

అప్పుడు వాడి ముఖంలోకి తేరిపార చూసింది. వాడి ఒక కన్ను ఆమె మీద ఉంది. రెండో కన్ను గిర్రున తిరిగి తొర్రలోని వేరుశనగల మీద వాలింది. పచ్చప్ప కన్నూ ఇలాగే తిరిగింది. ఎర్రప్ప కన్నూ ఇలాగే తిరిగింది!

ముగ్గురూ ఒక్కడేనని, తాను పప్పులో కాలేశానని ఆమెకు తెలిసిపోయింది. ఒళ్లు మండింది. కానీ పైకి చక్కగా నవ్వింది.

"అలాగే బాబూ! బయానా అంటే మాటలా? పెద్దల ఎదుట ఇవ్వాలి. పచ్చప్ప గారినీ ఎర్రప్ప గారినీ కూడా పిలుచుకురండి. ముగ్గురికీ ఒక్కసారే అప్పజెప్తాను. గోరింక వదినా, సాక్ష్యానికి నలుగురినీ పిలువమ్మా!"

గోరింక కేకకు అడవంతా చెట్టు కింద చేరింది. రంగప్పకు ముచ్చెమటలు పోశాయి. వేరుశనగల మీది ఆశ మాత్రం వదల్లేదు. ఆకుల చాటుకు వెళ్లి గట్టిగా ఊపిరి బిగబట్టి వచ్చాడు. తల పచ్చగా, పొట్ట పసుపుగా, తోక ఎర్రగా!

"ముగ్గురమూ వచ్చాం," అన్నాడు.

చారలమ్మ చిన్న కూతురు పకపకా నవ్వింది. ఆపై కుందేళ్లు, కోతులు, నెమళ్లు, అడవి అడవంతా పడీ పడీ నవ్వింది. పాపం రంగప్ప సిగ్గుతో ఏ రంగుకు మారాలో తెలియక బూడిద రంగుకు వచ్చేశాడు. కాళ్లబేరానికి దిగి, పుట్టలో దాచిన వేరుశనగలన్నీ తెచ్చి అప్పగించాడు.

ఆ నవ్వులు విని రాజుగారి వంటశాల చూసే ఏనుగు తాత అటు వచ్చాడు. సంగతంతా విన్నాడు. "విస్తళ్లు కుట్టేవాళ్ల కోసం మేమూ వెతుకుతున్నాం తల్లీ. బాదంకాయ ఇవ్వలేం గానీ, విస్తరికి రెండు వేరుశనగలు ఇస్తాం. ఇదిగో బయానా," అని ఆమె చేతిలో పెట్టాడు. చారలమ్మ కళ్లు చెమర్చాయి. ఆ సాయంత్రమే ఆకులొచ్చాయి.

రంగప్పకూ పని దొరికింది. పెళ్లిపందిట్లో తోరణం పక్కన వేలాడుతూ రంగులు మార్చి పిల్లల్ని నవ్వించాలి. "మరి నేనేం కట్టాలి?" అని వాడు బిక్కుబిక్కుమంటూ అడిగాడు. ఏనుగు తాత ఫక్కున నవ్వి, వాడి చేతిలోనూ బయానా పెట్టాడు.

పిల్లలూ, పని ఇచ్చేవాడు మన చేతిలో పెడతాడే గానీ మన చేతిలోది అడగడు. అడిగాడంటే వాడి దగ్గర ఉన్నది పని కాదు, మోసం.