నిప్పు అడగడానికి ఇల్లు లేని ఊరు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇటు మెట్టూరు, అటు రాజుగారి కోటూరు. మెట్టూళ్ళో నల్లనువ్వులు పండేవి. రాజుగారేమో గానుగలన్నీ కోట పక్కనే పెట్టించాడు. ఊఁ కొట్టండర్రా, లేకపోతే నాకు నేనే చెప్పుకుంటున్నట్టుంటుంది.

నువ్వులు ఏరు దాటాయి. వాటి వెనక గానుగ తిప్పేవాళ్ళు, వాళ్ళ వెనక వడ్రంగులు, వాళ్ళ వెనక ఇల్లాళ్ళు. మెట్టూళ్ళో పేరిందేవని ఒకావిడ; ఆవిడ మొగుడు కూడా గానుగ పనికి ఒక్క పంటకాలమేనని వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. చేను చూసుకోవాలి గదా, ఆవిడ ఉండిపోయింది.

ఆ రోజుల్లో పొయ్యి ఆరితే పక్కింటికి వెళ్ళి పిడక మీద ఇంత నిప్పు పెట్టించుకోవడమే. ఓ ముసురు పొద్దున పేరిందేవి పొయ్యి ఆరింది. పక్కింటికి తాళం. ఆ పక్కింటికీ తాళం. ఊరంతా తిరిగి, చివరికి రేవు దాకా పోయి పడవవాడి చుట్ట నిప్పు తెచ్చుకుంది. అన్నం ఉడికేసరికి పొద్దు వాలింది.

ఆ ఏడు ఉగాది తలంటుకి మెట్టూరి నువ్వులు రాలేదు. రాజుగారు గుర్రమేసుకుని తనే వచ్చాడు. నువ్వులేవే అని పేరిందేవిని అడిగాడు. చేను పండలేదంది. ఎందుకు పండలేదు? ఎరువు లేదు. ఎందుకు లేదు? గొడ్లు చిక్కిపోయాయి. ఎందుకు చిక్కాయి? నువ్వుల్లోంచి నూనె తీశాక మిగిలే తెలగపిండి లేదు. అదెందుకు లేదు?

"గానుగ మీ ఊళ్ళో ఉంది గదా దొరా! గింజ మాది. నూనె మీకు, పిండి మీ గొడ్లకి, పేడ మీ చేలకి."

రాజుగారు జాలిపడి, ఏటా బియ్యం పంపిస్తానన్నాడు.

"వండుకోడానికి నిప్పెవరిస్తారు దొరా?"

రాజుగారు తాళాలేసిన వీధి వంక చూశాడు. ఖర్చని మంత్రి గొణుగుతున్నా, ఓ గానుగ బండెక్కించి పంపాడు. దాని వెనకే పేరిందేవి మొగుడొచ్చాడు, తర్వాత వడ్రంగి. ఊఁ కొడుతున్నారా, పడుకున్నారా?

ఓ పొద్దున తలుపు చప్పుడైంది. వడ్రంగి పెళ్ళాం రావులమ్మ.

"వదినా, పొయ్యి ఆరిపోయింది. కాస్త నిప్పు పెట్టవూ?"

పేరిందేవి బూడిద కింద నుంచి కణిక తీసి పిడక మీద పెట్టింది.

"రేపు కూడా ఆర్పేసుకోవే," అంది.

అందరూ తిరిగొచ్చారా అంటే, లేదు. చివరి ఇళ్ళ తాళాలు అలాగే తుప్పు పట్టాయి, అబద్ధమెందుకు చెప్పాలి? గింజ పండిన చోట గానుగ కూడా తిరగాలిరా, అంతే.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.