గడ్డిపోచతో ప్రార్థనకొచ్చిన గిజిగాడు

అనగనగా ఒక వాగు, వాగు పక్కనే ఒక చిట్టడవి. ఆ అడవిలోని పిట్టలూ జంతువులూ తెల్లవారగానే ఒక బండ దగ్గర చేరి దేవునికి ప్రార్థన చేసుకునేవి. ప్రార్థనయ్యాక కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి. దేవుడు ఏం చెబుతాడో వినాలి. అది అక్కడి అలవాటు.

ఆ అలవాటు ఒక్క జక్కయ్యకే అబ్బలేదు. జక్కయ్య ఒక గిజిగాడు. గూడు అల్లడంలో వాడికి వాడే సాటి. ఆ సంగతి అందరికంటే ముందు వాడే చెబుతాడులే పిల్లలూ! రోజూ ముక్కున గడ్డిపోచ కరుచుకునే ప్రార్థనకు వచ్చేవాడు. "ప్రభువా, ఫలానా కొమ్మకు గూడు మొదలుపెట్టాను. దీవించు. ఆమేన్!" అనేసి తుర్రుమనేవాడు.

వాడి భార్య సలోమి గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. వానలు రాకముందే గూడు కావాలి.

జక్కయ్య మొదట ఎండు తాటిమట్టకు అల్లాడు. గాలికి మట్టతో సహా ఊడిపడింది. తర్వాత వెదురుకొమ్మకు అల్లాడు. కోతులు దాన్ని పట్టుకుని ఊగి ఊగి పీకేశాయి.

"దీవించమన్నాను కదా ప్రభువా!" అని జక్కయ్య దేవుడి మీదే అలిగాడు.

"ఏమయ్యా, ఈసారి కట్టేదీ పోతే గుడ్లు నేల మీద పెట్టాలి. ఒక్కటీ దక్కదు," అంది సలోమి. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

జక్కయ్య వెంటనే వాగు ఒడ్డున నిటారుగా ఉన్న ఈతచెట్టును ఎంచుకున్నాడు. మర్నాడు గడ్డిపోచతో బండ మీద వాలాడు.

"ప్రభువా, ఈసారి ఈతచెట్టు. దీవించు. ఆమే..."

"ఆగరా అబ్బాయ్!" అన్నాడు తాబేలు తాత హనోకు. "నువ్వు దేవుణ్ణి అడుగుతున్నావా, సంతకం పెట్టమంటున్నావా?"

"అడుగుతూనే ఉన్నా కదా తాతా!"

"అడిగినవాడు జవాబు కోసం ఆగుతాడు. ఆ గడ్డి కింద పెట్టి కాసేపు నోరు మూసుకో, చూద్దాం."

నోరు మూసుకోవడం కంటే పది గూళ్ళు అల్లడం నయమనిపించింది జక్కయ్యకి. కాలు జాపాడు. రెక్క దులిపాడు. ఒక కన్ను తెరిచి తాత చూస్తున్నాడేమోనని చూశాడు. తాత చూస్తూనే ఉన్నాడు! చివరికి సలోమి కన్నీళ్ళు తలచుకుని కదలకుండా కూర్చున్నాడు.

"ప్రభువా, ఎక్కడ కట్టమంటావో నువ్వే చెప్పు," అన్నాడు. వాడు నిజంగా అడగడం అదే మొదటిసారి.

చాలాసేపటికి వాడి మనసులో మెల్లగా ఒక మాట వినిపించింది. "మిట్ట మీది తుమ్మచెట్టు."

"ముళ్ళచెట్టా ప్రభువా? నలుగురూ నవ్వరూ!"

జవాబు మారలేదు. జక్కయ్య సణుక్కుంటూనే వెళ్ళి అక్కడ గూడు అల్లాడు. సలోమి అందులో మూడు గుడ్లు పెట్టింది.

వారం తిరక్కుండా కుండపోత వాన. వాగు పొంగి ఒడ్డును కోసేసింది. ఈతచెట్టు వేళ్ళతో సహా కొట్టుకుపోతుంటే, ఇద్దరూ తుమ్మకొమ్మ మీంచి చూశారు.

"నేనడిగినట్టే ఆయన ఊఁ అనుంటే మన పిల్లలు అందులో పోయేవాళ్ళు కదే!" అన్నాడు జక్కయ్య.

"మరి దేవునికి స్తోత్రం చెప్పవయ్యా," అంది సలోమి.

జక్కయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. రెక్కలు ముడుచుకుని, తల వంచుకుని అలాగే కూర్చుండిపోయాడు. అంతకంటే మంచి ప్రార్థన వాడు ఎన్నడూ చేయలేదు.

నీతి: పని మొదలుపెట్టేసి దీవించమనడం కాదు, ముందు దేవుణ్ణి అడగాలి. అడిగాక ఆగి వినాలి.