తట్టి లేపని మెలకువ

“గురువుగారూ, ఊపిరి కోసం గొంతులో పెట్టిన గొట్టం తీసేటప్పుడు రోగికి దగ్గు రాకుండా ఉండాలంటే ఏ మందు ఇవ్వాలి?” అని మత్తువైద్యం నేర్చుకుంటున్న హైమవతి తన శాఖ పెద్ద పరాంకుశంగారిని అడిగింది. ఆమె ఎందుకు అడుగుతున్నదో ఆయనకు తెలుసు. నెల క్రితం థైరాయిడ్ గడ్డ తీయించుకున్న మంగతాయారును, ఆ ఆసుపత్రిలో అందరూ చేసే విధంగానే చెంపలు తట్టి, “కళ్ళు తెరువమ్మా, నోరు తెరువు!” అని కేకలు వేసి లేపినది హైమవతియే. గొట్టం గొంతులో ఉండగానే మంగతాయారు ఉక్కిరిబిక్కిరిగా దగ్గింది. లోపల రక్తనాళానికి వేసిన ముడి ఊడి, మెడలో నెత్తురు నిండి, శ్వాసనాళం మూసుకొనిపోయింది. కుట్లు విప్పేలోపలే ప్రాణం పోయింది.

“రేపు మొదటి రోగిని నీవే చూడు. నేను పక్కన ఉంటాను,” అన్నారాయన.

ఆ రోగి మంగతాయారు చెల్లెలు శేషారత్నం. ఆమెకూ అదే గడ్డ. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని స్థితి. మర్నాడు శస్త్రచికిత్స బల్ల మీదికి చేర్చగానే ఆమె హైమవతిని తేరిపార చూసి, “మా అక్కను లేపింది మీరేనటగా?” అన్నది. హైమవతి అవునని తల ఊపింది.

శస్త్రచికిత్స ముగియవచ్చింది. గురువుగారు చెప్పిన ప్రకారం, మత్తు గాఢంగా ఉండగానే హైమవతి రోగి నోరు శుభ్రం చేసి, చేతికున్న సూది ద్వారా దగ్గును అణచే లిగ్నోకైన్ కొద్దిగా ఎక్కించి, మత్తువాయువును ఆపింది. ఆపైన అలవాటు చొప్పున చెంప మీదికి వెళ్ళిన ఆమె చేతిని ఆయన పట్టుకొని కిందికి దించారు. అందరినీ మాట్లాడవద్దని సైగ చేశారు. పావుగంట గడిచింది.

“ఏమండీ పరాంకుశంగారూ, లేపుతారా, కూర్చుని జోల పాడతారా?” అన్నాడు శస్త్రవైద్యుడు. పరాంకుశంగారు రోగి ఛాతీ కదలికనే చూస్తూ నిలబడ్డారు. హైమవతి రోగి మెడమీది కట్టు నుంచి చూపు మరల్చలేకపోయింది.

చివరకు శేషారత్నం తనంతట తానే నిండుగా ఊపిరి తీసుకొని కళ్ళు తెరిచింది. హైమవతి గొట్టాన్ని మెత్తగా వెలుపలికి తీసింది. ఒక్క చిన్న పొడిదగ్గు, అంతే. కట్టు తెల్లగానే ఉన్నది. మత్తు ఇంకా వదలని ఆమె, “అక్కా... అక్కా...” అని పిలవసాగింది.

హైమవతి రెండడుగులు వెనక్కు వేసింది. “నేనేమని పలకను, గురువుగారూ?”

“దగ్గరకు వెళ్ళి నిలబడు,” అన్నారాయన చేతితొడుగులు విప్పుతూ. “ఆమె తనంతట తానే అడిగేదాకా ఏమీ చెప్పకు.”